మహమ్మారి కాలంలో పేటెంట్ గడువుల సడలింపు, రుసుముల తగ్గింపు: శామీర్‌పేట – మేడ్చల్ పరిశోధనా ప్రాంత నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

2020–2022 మధ్య భారతదేశంలో పేటెంట్ దరఖాస్తుదారులకు రెండు విధాలైన ఉపశమనం లభించింది. మొదటిది గడువుల సడలింపు, అది తాత్కాలికం. రెండవది రుసుముల తగ్గింపు, అది శాశ్వతం. ఈ రెండింటి స్వరూపాన్ని, పరిమితులను వివరించి, విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఏది ఎంతవరకు ఉపకరిస్తుందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పేటెంట్, గడువు, కాలపరిమితి, రుసుము, జీనోమ్ వ్యాలీ, విద్యాసంస్థలు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ ఉత్తర శివార్లలో, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని శామీర్‌పేట పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ విస్తరించి ఉంది. తుర్కపల్లిలో ఐకేపీ నాలెడ్జ్ పార్క్, భారత్ బయోటెక్ సంస్థ నెలకొన్నాయి. జవహర్‌నగర్ వద్ద బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఒక ఆవిష్కరణ రూపొందే ప్రయోగశాల, దానికి రక్షణ కల్పించే చట్టాన్ని బోధించే తరగతిగది ఇంత చేరువలో ఉండటం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

2020 మార్చి 23 నుండి తెలంగాణలో లాక్‌డౌన్ అమలైంది. రాకపోకలు స్తంభించాయి, విద్యాసంస్థలు మూతపడ్డాయి. అయినా ఈ ప్రాంతంలో టీకా పరిశోధన సాగింది. తుర్కపల్లిలో రూపొందిన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న పరిమిత అత్యవసర వినియోగ అనుమతి లభించింది. పరిశోధన ఆగనట్టే పేటెంట్ చట్టంలోని గడువులూ వాటంతటవి ఆగలేదు. ప్రయోగశాలకు వెళ్లలేని, పత్రాలు సమకూర్చుకోలేని దరఖాస్తుదారు హక్కు ఏమవుతుందన్నది అప్పుడు తలెత్తిన ప్రశ్న.

2. పేటెంట్ విధానంలో గడువు ప్రాధాన్యం

తెలంగాణ దరఖాస్తులు చెన్నైలోని పేటెంట్ కార్యాలయ పరిధిలోకి వస్తాయి. దరఖాస్తు దాఖలైనంత మాత్రాన పరీక్ష మొదలుకాదు. అందుకు విడిగా అభ్యర్థించాలి. మహమ్మారి నాటి నియమాల ప్రకారం ప్రాధాన్య తేదీ నుండి 48 నెలల్లోగా ఆ అభ్యర్థన రాకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే పరిగణించేవారు. తొలి పరీక్షా నివేదికలోని అభ్యంతరాలను 6 నెలల్లోగా పరిష్కరించాలి. కోరితే మరో 3 నెలలు లభించేవి. అదీ దాటితే దరఖాస్తును పరిత్యజించినట్టే. మంజూరైన పేటెంటు కూడా వార్షిక రుసుము చెల్లించకపోతే రద్దవుతుంది. దాని పునరుద్ధరణకు 18 నెలల వ్యవధి ఉంది.

ఈ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. ఆవిష్కరణను లోకానికి వెల్లడించినందుకు ప్రతిఫలంగా 20 ఏళ్ల ప్రత్యేక హక్కు దక్కుతుంది. ఆ హక్కు నిలిచి ఉందో లేదో ఇతర పరిశోధకులకు, జెనరిక్ ఔషధ తయారీదారులకు తెలియాలి. కాబట్టి ఒకరికి ఇచ్చిన గడువు మరొకరికి అనిశ్చితి అవుతుంది. సడలింపును అంచనా వేసేటప్పుడు ఈ రెండు పక్షాలనూ గమనంలో ఉంచుకోవాలి.

3. సడలింపుకు రెండు మార్గాలు

మొదటి మార్గం పేటెంట్ నియమావళిలోనే ఉంది. 6(5) నియమం ప్రకారం యుద్ధం, సమ్మె, ప్రకృతి వైపరీత్యం, ఎలక్ట్రానిక్ సమాచార వ్యవస్థల స్తంభన వంటి కారణాలవల్ల కలిగిన జాప్యాన్ని కంట్రోలర్ మన్నించవచ్చు. అయితే దరఖాస్తుదారు ఎవరికి వారే విజ్ఞప్తి చేసుకోవాలి. తమ ప్రాంతంలో సమాచార సంబంధాలు దెబ్బతిన్నాయని ఆధారాలు చూపాలి. ఆ స్థితి తొలగిన నెలలోపే చేయవలసిన పని పూర్తిచేయాలి. ఒక ప్రాంతానికి, కొద్దికాలానికి ఏర్పడే ఆపదను ఉద్దేశించిన నియమమిది. దేశమంతటా నెలల తరబడి సాగిన విపత్తుకు ఇది చాలదు.

రెండవ మార్గం న్యాయస్థానం ద్వారా వచ్చింది. సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి, 2020 మార్చి 23న ఇచ్చిన ఉత్తర్వులో ఆ ఏడాది మార్చి 15 నుండి కాలపరిమితులను పొడిగించింది. పేటెంట్ల కంట్రోలర్ జనరల్ కార్యాలయం మాత్రం మే 18 నాటి ప్రకటనలో, మార్చి 15 తరువాత ముగిసే గడువులకు జూన్ 1ని చివరి తేదీగా నిర్ణయించింది. ఇది సుప్రీంకోర్టు ఉత్తర్వుతో పొసగదని మేధోసంపత్తి న్యాయవాదుల సంఘం ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, మే 21న ఆ ప్రకటన అమలు నిలిచిపోయింది.

సందేహం మాత్రం పూర్తిగా తీరలేదు. సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రధానంగా వ్యాజ్యాలు, అప్పీళ్ల దాఖలును దృష్టిలో ఉంచుకున్నది. పరీక్షా నివేదికకు సమాధానం వ్యాజ్యం కాదు; అది పరిపాలనా ప్రక్రియలో ఒక దశ. 2022 జనవరి 10న సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని కాలపరిమితి గణన నుండి మినహాయించింది. కంట్రోలర్ జనరల్ జనవరి 18న దానికి అనుగుణంగా ప్రకటన వెలువరించారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. శామీర్‌పేటలోని ఒక పరిశోధకునికి 2019 నవంబర్ 20న తొలి పరీక్షా నివేదిక అందిందనుకుందాం. 6 నెలల గడువు 2020 మే 20న ముగియాలి. అది మినహాయింపు కాలంలో పడినందున 2022 మార్చి 1 నుండి 90 రోజుల వ్యవధి లభిస్తుంది. మూల గడువులో మిగిలిన రోజులు 90 కంటే ఎక్కువైతే ఆ ఎక్కువ వ్యవధే వర్తిస్తుంది.

ఈ సడలింపు ప్రత్యర్థులకూ వర్తించింది. డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పిటిషనరుగా ఉన్న ట్రేడ్‌మార్క్ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు 2022 మార్చి 21న, అభ్యంతరాల దాఖలుకు కూడా సుప్రీంకోర్టు ఉత్తర్వు వర్తిస్తుందని తేల్చి 2022 మే 30 వరకు అవకాశం కల్పించింది.

4. సడలింపు చేరని అంశాలు

గడువు పొడిగింపు పేటెంట్ ఆయుష్షును పెంచలేదు. 20 ఏళ్లు దాఖలు తేదీ నుండే లెక్కకు వస్తాయి. జాప్యమైనంత మేరకు హక్కును అనుభవించే కాలం తగ్గుతుంది.

భారత న్యాయస్థానాల ఉత్తర్వు విదేశీ కార్యాలయాలను బంధించదు. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌ను అనివార్య ఆటంకంగా పరిగణించాలని సూచించినా, ఆ వెసులుబాటు 12 నెలల ప్రాధాన్య గడువుకు వర్తించలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నూతనత్వం. మహమ్మారి కాలంలో పరిశోధన ఫలితాలను సమీక్షకు ముందే అంతర్జాలంలో ఉంచే పద్ధతి విస్తరించింది. దరఖాస్తుకు ముందే వెల్లడైన విషయం సాధారణంగా నూతనత్వాన్ని కోల్పోతుంది. ఏ గడువు సడలింపూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

5. రుసుముల తగ్గింపు

మహమ్మారి కాలంలో పేటెంట్ రుసుములను మాఫీ చేయలేదు. చెల్లించవలసిన తేదీలే మారాయి. అయితే అదే కాలంలో రెండు శాశ్వత సవరణలు వచ్చాయి. 2020 నవంబర్ 4న చిన్న సంస్థల రుసుములను వ్యక్తులు, అంకుర సంస్థల స్థాయికి తగ్గించారు. 2021 సెప్టెంబర్ 21న విద్యాసంస్థలకు 80 శాతం తగ్గింపు ఇచ్చారు. ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము రూ. 8,000 నుండి రూ. 1,600కు, పరీక్షాభ్యర్థన రుసుము రూ. 20,000 నుండి రూ. 4,000కు తగ్గాయి. రెండూ కలిపి రూ. 28,000 కావలసిన చోట రూ. 5,600 సరిపోతుంది. చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం నిర్దేశించిన అధికార సంస్థ గుర్తింపు పొందిన విద్యాసంస్థలు ఈ పరిధిలోకి వస్తాయి.

ఇక్కడ ఒక షరతు గమనించాలి. దరఖాస్తును పూర్తిగా గాని, పాక్షికంగా గాని తగ్గింపుకు అర్హత లేని సంస్థకు బదిలీ చేస్తే, రుసుములోని వ్యత్యాసాన్ని ఆ కొత్త దరఖాస్తుదారు చెల్లించాలి. పరిశ్రమతో కలిసి పనిచేసే విశ్వవిద్యాలయ విభాగాలు ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ భారం ఎవరిదో తేల్చుకోవడం మేలు.

6. ముగింపు

గడువుల సడలింపు విపత్తులో హక్కులను కాపాడింది. కాని దాని అర్థం స్పష్టపడేందుకు దాదాపు రెండేళ్లు పట్టింది. అంతవరకు న్యాయసలహా అందుబాటులో ఉన్నవారికే అది ధీమా ఇవ్వగలిగింది. సాధారణ కళాశాల అధ్యాపకునికి నిలకడగా మిగిలిన ప్రయోజనం రుసుముల తగ్గింపే. ఇంతలో 2024 మార్చి 15 తరువాత దాఖలైన దరఖాస్తులకు పరీక్షాభ్యర్థన గడువు 48 నుండి 31 నెలలకు కుదించుకుపోయింది. ఖర్చు తగ్గింది, కాలమూ తగ్గింది. అందుచేత సిద్ధాంత గ్రంథ సమర్పణకు, వ్యాస ప్రచురణకు ముందే పేటెంట్ దరఖాస్తు విషయాన్ని నిర్ణయించుకునే ఏర్పాటు ప్రతి పరిశోధన విభాగంలోనూ ఉండాలి. మరో విపత్తు ఎదురైనప్పుడు న్యాయస్థానం కోసం ఎదురుచూడకుండా, దేశవ్యాప్త పరిస్థితులకు సరిపడే సడలింపు నిబంధన పేటెంట్ నియమావళిలోనే ఉండటం అవసరం.