పిల్లల్ని కోడింగ్ క్లాసులో చేర్చేముందు...

"అమ్మా, ఆ ఆట నేను చేయలేదు. సార్ నొక్కమన్నచోటల్లా నొక్కానంతే!"

ఆరో తరగతి చదివే మా అమ్మాయి రాత్రి అన్నం తింటూ ఈ మాట అనకపోతే మర్నాడు పొద్దున్నే 36 వేలు కట్టేసి వచ్చేదాన్నే. చీటీ పాడిన డబ్బు బీరువాలో సిద్ధంగా ఉంది మరి!

జరిగిందేమిటంటే, మా కాలనీలో కొత్తగా తెరిచిన కోడింగ్ సెంటర్లో ఉచితంగా డెమో క్లాసు పెట్టారు. గంట తిరిగేసరికి తెర మీద పిల్లి పరుగెత్తుతోంది, మా అమ్మాయి చేతిలో రంగుల సర్టిఫికెట్టు ఉంది. "పాప చాలా షార్ప్ మేడమ్. ఇప్పుడు చేర్చకపోతే వెనకబడిపోతుంది. ఈ రోజే కడితే డిస్కౌంటు" అన్నాడు అక్కడి కుర్రాడు. 'వెనకబడిపోతుంది' అంటే ఏ తల్లికి గుండె గుభేలుమనదు, చెప్పండి?

మర్నాడు డబ్బు లేకుండా వెళ్లాను. "నిన్నటి ఆట తెరిచి, పిల్లి వేగం తగ్గించు తల్లీ" అన్నాను. 'పది అడుగులు కదులు' అన్నచోట అంకె మారిస్తే చాలట. దానికి ఆ సంగతి తెలిస్తేగా! తెల్లమొహం వేసింది. ఇంటికి వస్తూ దారిలో, "నాకు ఇవన్నీ రావేమోనమ్మా" అంది. 36 వేలు పోయినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ తర్వాత మరో మూడు చోట్లకు తిరిగాను. తెలిసినవాళ్లను అడిగాను. నాకు బోధపడిన నాలుగు ముక్కలు మీతో చెప్పుకుంటాను.

వయసును బట్టి

చిన్నపిల్లలు ఎక్కువగా నేర్చుకునేది స్క్రాచ్. అమెరికాలోని ఎమ్‌ఐటీ వాళ్లు 2007లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. రంగురంగుల ముక్కల్ని ఒకదాని కింద ఒకటి అతికిస్తే బొమ్మ కదులుతుంది. ఎనిమిది నుంచి పదహారేళ్ల పిల్లల కోసం చేశారు. ఐదు నుంచి ఏడేళ్లవారికి స్క్రాచ్ జూనియర్ వేరే ఉంది. రెండూ పూర్తిగా ఉచితం! అంటే మనం ఫీజు కట్టేది సాఫ్ట్‌వేర్‌కు కాదు, చెప్పే మనిషికి. 1991లో వచ్చిన పైథాన్‌లో అక్షరాలు టైపు చేయాలి. హైస్కూలు పిల్లలకు బాగుంటుంది. మూడో తరగతి పిల్లకు నేరుగా పైథాన్ అన్నా, తొమ్మిదో తరగతి పిల్లవాడి చేత ఏడాదంతా ముక్కలే అతికిస్తామన్నా, ఎందుకని అడగండి.

మౌసు ఎవరి చేతిలో ఉంది?

డెమో క్లాసు కాదు, మామూలు రోజు జరిగే క్లాసు చూడనివ్వమనండి. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఎందరు కూర్చున్నారు? పిల్లవాడు తప్పు చేస్తే మాస్టారు మౌసు లాక్కుని సరిచేస్తున్నారా, 'ఎక్కడ పొరపాటు జరిగిందో చూడు' అని ఆగుతున్నారా? ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. తప్పు వెతుక్కోవడమే ఈ చదువులో సగం.

డబ్బు దగ్గర

'నెలకు కొంచెం కొంచెం కట్టండి' అన్నారంటే అది సెంటర్ ఫీజా, ఫైనాన్స్ కంపెనీ అప్పా అని అడగండి. అప్పయితే పిల్ల మానేసినా వాయిదాలు మానవు. ఫోన్‌లో వచ్చిన ఓటీపీ కంగారులో చెప్పేయకండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. పదేళ్ల పిల్లకు ఉద్యోగం, జీతం అంటూ లెక్కలు చెప్పేచోట కూర్చోకుండా లేచి రండి.

వెనకబడతారా?

2020 నాటి జాతీయ విద్యా విధానమే కోడింగ్‌ను ఆరు నుంచి ఎనిమిది తరగతుల స్థాయిలో పరిచయం చేయమంది. రెండో తరగతి పిల్లకు కొంపలేమీ మునిగిపోవు.

ఇంతకీ మా అమ్మాయి సంగతి. ఇంజనీరింగ్ చదివి పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఒకావిడ, మేడమీద గదిలో ఆరుగురికి చెబుతున్నారు. ఫీజు ఏ నెలకానెలే. రెండో వారంలో అనుకుంటాను, దీని పిల్లి గోడ దాకా నడిచి, వెనక్కి తిరగగానే తలకిందులైపోయింది. ఆవిడ ఏమీ చెప్పలేదు. ఇది ఇంటికొచ్చి పాత లాప్‌టాప్ ముందు కూర్చుంది. కాఫీ కలుపుతుంటే కేక వినిపించింది.

"అమ్మా, దొరికింది! గుండ్రంగా తిరగొద్దు, కుడీ ఎడమా మాత్రమే తిరుగు అని చెప్పాలి దానికి!"

సర్టిఫికెట్టు ఇంకా ఇవ్వలేదు. మేమూ అడగలేదు.