ఒకే ప్రమాదానికి రెండు నివేదికలా?

బళ్లారి ఉక్కు కర్మాగారాల్లోనో, హోసూరు పరిశ్రమల్లోనో పనిచేసే మనవాళ్ళకు ‘పర్మిట్’ కొత్త మాట కాదు. మిషను విప్పాలంటే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.

1988 జూలై 6. స్కాట్లండుకు దూరంగా ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక. లార్డ్ కలెన్ విచారణ 1990లో తేల్చింది ఇదీ: ఒక పంపును మరమ్మతుకు ఆపారు. దాని సేఫ్టీ వాల్వు విప్పి, గొట్టానికి తాత్కాలికంగా మూత పెట్టారు. పంపుకొక పర్మిట్, వాల్వుకొక పర్మిట్. రాత్రి రెండో పంపు ఆగిపోయింది. వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టుకు తెలియదు. మొదటి పంపు నడపబోయారు. మూత దగ్గర గ్యాసు కారి అంటుకుంది. 167 మంది చనిపోయారు.

ఇలాంటిదాన్ని సేఫ్టీవాళ్ళు ఒక్కరే విచారిస్తే ‘పర్మిట్ పద్ధతి పాటించలేదు’ అంటారు. మెయింటెనెన్స్‌వాళ్ళు విడిగా చూస్తే ‘మూత బిగువు చాలలేదు’ అంటారు. రెండూ నిజమే. షిఫ్టు మారేటప్పుడు కబురు ఎక్కడ ఆగిందో మాత్రం ఏ నివేదికలోనూ కనబడదు.

అందుకే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి నేర్పాలి. పాడైన భాగాన్ని తుడవకముందే ఇద్దరూ కలిసి చూడాలి. (తుడవకుండా ఉండడం మన ఫిట్టర్లకు ఎంత కష్టమో నాకు తెలుసు!) ఏ గంటకు ఏం జరిగిందో ఇద్దరూ ఒకే కాగితం మీద రాయాలి. ‘ఎవరు చేశారు’ అనేముందు ‘అలా ఎందుకు చేయాల్సివచ్చింది’ అని అడగాలి. మొదటి పాఠానికి, ఎవరికీ దెబ్బ తగలకుండా పోయిన నిన్నమొన్నటి చిన్న లీకు చాలు.