తెలుగుదేశానికి మెట్ట చెప్పిన పాఠాలు

తెలుగుదేశం పార్టీ ఆత్మగౌరవ నినాదం హైదరాబాదులో పుట్టింది. దానికి ఊళ్లలో ఏ అర్థం దక్కిందో, ఎక్కడ బాకీ మిగిలిందో నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చరిత్ర చెబుతుంది.

ఒక రాష్ట్ర ప్రయోజనాలనే తన రాజకీయానికి పునాదిగా చేసుకుని, ఢిల్లీ అధిష్ఠానానికి కాక ఆ రాష్ట్ర ప్రజలకే జవాబుదారీగా ఉంటానని చెప్పుకునే పక్షాన్ని ప్రాంతీయ పార్టీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాటకు నిండైన రూపం ఇచ్చింది 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు (ఎన్టీఆర్) స్థాపించిన తెలుగుదేశం. ఆ పార్టీ చరిత్రను సాధారణంగా హైదరాబాదు, ఢిల్లీ సంఘటనల వరసగా చెబుతారు గాని, దాని సిద్ధాంతం ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తడబడిందో తెలుసుకోవడానికి నెల్లూరు జిల్లా పడమటి మెట్టను మించిన చోటు లేదు. కాలువ నీరు పారక వాన మీద ఆధారపడే భూమిని మెట్ట అంటారు. పెన్నా కాలువల కింద వరి పండే తూర్పు డెల్టాకు భిన్నంగా, వెలిగొండల పాదాన ఉన్న ఈ ప్రాంతం చెరువును, బోరును నమ్ముకుని బతికింది. కరువు ముదిరిన ఏడు వలస పోయింది.

గాలికి ఎదురు నిలిచిన ఉదయగిరి

1978 ఎన్నికల తర్వాత ఒక్క శాసనసభ కాలంలోనే మర్రి చెన్నారెడ్డి, టంగుటూరి అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరసగా ముఖ్యమంత్రులయ్యారు. ముఖ్యమంత్రి ఎవరో ఢిల్లీ తేల్చడం తెలుగువారికి అవమానమన్న భావన బలపడిన ఆ సమయంలో వచ్చిన తెలుగుదేశం సిద్ధాంతంలో మూడు పాయలు కనిపిస్తాయి. మొదటిది సమాఖ్యవాదం, అంటే కేంద్రం, రాష్ట్రాలు ఎవరి పరిధిలో వారు స్వతంత్రంగా వ్యవహరించాలన్న భావన. రెండోది కిలో రెండు రూపాయల బియ్యం వంటి సంక్షేమం. మూడోది, ప్రభుత్వానికీ పేదవాడికీ మధ్య నిలిచిన పెత్తందారును తొలగించడం.

పుట్టిన తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో, ఆ పార్టీ 294 స్థానాల శాసనసభలో రెండు వందలకు పైగా గెలుచుకుంది. అంతటి గాలిలోనూ ఉదయగిరి ఓటర్లు భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ఎం. వెంకయ్యనాయుడిని గెలిపించారు, రాష్ట్రంలో ఆ పార్టీకి దక్కినవే మూడు స్థానాలు. అంతకుముందు 1978లో కాంగ్రెస్ ప్రభంజనానికి ఎదురుగా ఆయననే జనతా పార్టీ తరఫున గెలిపించిన ఈ నియోజకవర్గం, 1985లో తెలుగుదేశం మళ్లీ ఘన విజయం సాధించినప్పుడు కాంగ్రెస్ అభ్యర్థి మేకపాటి రాజమోహనరెడ్డిని ఎన్నుకుంది. నినాదం ఎంత గొప్పదైనా, తమకు అందుబాటులో ఉండే మనిషిని చూసుకునే ఓటు వేయడం ఇక్కడి ఓటరుకు అలవాటని ఈ మూడు ఫలితాలు సూచిస్తాయి.

కరణం పోయి మండలం వచ్చిన కాలం

ఓటు ఎటు పడినా, పాలనలో వచ్చిన మార్పు మాత్రం మెట్టకు చేరింది. భూమి ఎవరిది, అందులో ఏ పంట ఉందన్నది రాసే అడంగల్ అప్పట్లో కరణం చేతిలో ఉండేది. శిస్తు వసూలు, ఊరి పెత్తనం మునసబువి. ఈ పదవులు ఆచరణలో కొన్ని కుటుంబాల్లోనే తరతరాలుగా తిరుగుతూ రావడం వల్ల, బ్యాంకు అప్పు కోసం అడంగల్ నకలు కావలసిన చిన్న రైతు ఆ ఇంటి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడక తప్పేది కాదు. 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా ఆ వ్యవస్థను రద్దు చేయడం, 1985లో తాలూకాల స్థానంలో మండలాలను ఏర్పరచడం తెలుగుదేశం చేసిన పనులన్నింటిలోకీ లోతైనవి. సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు, అనంతసాగరం, చేజర్ల వంటి ఊళ్లు మండల కేంద్రాలు కావడంతో, తాలూకా కచేరీకి పోయిరావడానికి కూలి పోగొట్టుకునే మనిషికి ప్రభుత్వం కొంత దగ్గరైంది. ఆత్మగౌరవం అన్న మాట నినాదాన్ని దాటి నిత్య జీవితంలోకి వచ్చింది ఇక్కడే.

దూబగుంట నుంచి సచివాలయానికి

సిద్ధాంతం పైనుంచి కిందికే దిగుతుందన్న నమ్మకాన్ని మెట్ట 1992లో తలకిందులు చేసింది. అంతకుముందు, ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, ‘వారుణి వాహిని’ పేరుతో సారాయి ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. ప్రభుత్వం సారా దుకాణాలను వేలం వేసేది, పాట పాడుకున్న కాంట్రాక్టరు అమ్మకాలు పెంచుకునేవాడు, పగలంతా చేసిన కూలి సాయంత్రానికి దుకాణం పాలయ్యేది. ఒక చేత్తో చౌక బియ్యం ఇచ్చి, మరో చేత్తో ఆ ఇంటి సంపాదనను సారా ఆదాయంగా తీసుకోవడంలోని వైరుధ్యాన్ని మొదట గుర్తించింది ఆర్థికవేత్తలు కాదు, కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు.

జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సాగిన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వారిని రాత్రి బడిలో ఒకచోట చేర్చింది. తాగుబోతు సంసారాల గురించి వాచకంలో చదువుకున్న కథ చర్చగా, చర్చ నిర్ణయంగా మారి, ఊళ్లోని సారా దుకాణం మూతపడింది. రోశమ్మ వంటి కూలి జీవితాల స్త్రీలు ఆ పోరాటానికి ముఖంగా నిలిచారు. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా ఆ ఉదంతం తర్వాతి వాచకంలోకి ఎక్కడంతో, చదువు నేర్చుకుంటున్న ఊళ్లన్నీ దూబగుంట బాట పట్టాయి. నెల్లూరులో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాయిని నిషేధించక తప్పలేదు.

ప్రతిపక్షంలో ఉన్న ఎన్టీఆర్ ఆ పోరాటాన్ని సంపూర్ణ మద్య నిషేధ వాగ్దానంగా మలచుకుని, 1994 డిసెంబరులో తెలుగుదేశానికి 216 స్థానాలు సాధించి, ప్రమాణ స్వీకార వేదిక మీదే నిషేధం ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరిలో అమల్లోకి వచ్చిన ఆ నిషేధాన్ని, పార్టీలో చీలిక తర్వాత అధికారంలోకి వచ్చిన చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఖజానా కష్టాలను కారణంగా చూపి 1997లో ఎత్తివేసింది. ఊళ్లు ఇచ్చిన సిద్ధాంతాన్ని పార్టీ తీసుకున్నంత తేలికగా వదులుకోవడం ఒక ప్రభుత్వ నిర్ణయం మాత్రమే కాదు. ఆ పోరాటం చేసిన స్త్రీలకు జరిగిన అన్యాయం.

సోమశిల చెంతనే దాహం

1983లో తమిళనాడుతో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం సమాఖ్యవాదానికి మంచి ఉదాహరణ. ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. కృష్ణా జలాల నుంచి అలాంటి 15 టీఎంసీలను మద్రాసు దాహం తీర్చడానికి కేటాయించారు. ఆ నీరు శ్రీశైలంలో బయలుదేరి, అనంతసాగరం మండలంలో పెన్నా మీద కట్టిన సోమశిల జలాశయం మీదుగా కండలేరుకు, అక్కడినుంచి తమిళనాడుకు చేరుతుంది. దూరపు నగరానికి నీరు పంపిన ఉదారత సరైనదే. కానీ 78 టీఎంసీల సోమశిల పక్కనే ఉన్న ఎత్తైన భూములకు నీరెక్కించే హైలెవల్ కాలువ 2024 ఎన్నికల నాటికీ పూర్తి కాలేదు. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టకు అది ప్రాణం వంటిది.

ఇది ఒక్క పార్టీ బాకీ కాదు. 2011లో వై.ఎస్. జగన్మోహనరెడ్డి నాయకత్వంలో వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగు జాతి గౌరవం స్థానంలో తండ్రి రాజశేఖరరెడ్డి సంక్షేమ వారసత్వాన్ని సిద్ధాంతంగా చేసుకున్న మరో ప్రాంతీయ పార్టీ. 2012 ఉప ఎన్నికల్లో ఉదయగిరి, 2014లో ఆత్మకూరు ఆ పార్టీని గెలిపించాయి. దశలవారీ మద్య నిషేధం హామీతో 2019లో జిల్లాలోని పది స్థానాలనూ గెలుచుకున్న ఆ పార్టీ, ఆ హామీ నెరవేరకుండానే 2024లో పదింటినీ తెలుగుదేశానికి కోల్పోయింది. ఆ ఎన్నికలో ఆత్మకూరు నుంచి గెలిచిన ఆనం రామనారాయణరెడ్డి రాజకీయ ప్రయాణం తెలుగుదేశంలో మొదలై, కాంగ్రెస్, మళ్లీ తెలుగుదేశం, ఆపై వైఎస్సార్ కాంగ్రెస్ మీదుగా తిరిగి తెలుగుదేశానికే చేరింది. కుటుంబాలు జెండాలు మార్చగలుగుతున్నాయంటే, ఆ జెండాల మధ్య సిద్ధాంతపు గీత పలచబడిందనే అర్థం.

ఆ గీతను మళ్లీ గట్టిగా గీయగల శక్తి మెట్ట ప్రజలకు ఉంది. పార్టీ కార్యాలయాలు తయారుచేయలేని సిద్ధాంతాన్ని ఒక రాత్రి బడి తయారుచేసి, రెండు ప్రభుత్వాల చేత అమలు చేయించింది. అప్పుడు దుకాణం మూయించాలన్న ఒకే కోరిక మీద ఊళ్లన్నీ ఏకమయ్యాయి. హైలెవల్ కాలువ నీటి కోసం కూడా అదే పట్టుదలతో, ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా గడువు అడిగి, ఆ గడువును గుర్తుపెట్టుకుని ఓటు వేస్తే, తెలుగుదేశమైనా మరొకటైనా ఆత్మగౌరవం అన్న మాటను నీటితోనే నిరూపించుకోవలసి వస్తుంది.