ఇంటిల్లిపాదికీ ఒకే బండి: మినీవ్యాన్ జీవితకథ

1983 నవంబరు 2న కెనడాలోని విండ్సర్ నగరంలో, క్రైస్లర్ కంపెనీ కర్మాగారం నుంచి ఓ కొత్త రకం బండి బయటికొచ్చింది. ముక్కు పొట్టి, ఒళ్లు నలుచదరం, కుడి పక్కన వెనక్కి జరిగే తలుపు ఒక్కటి. డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వోయేజర్ అని రెండు పేర్లు పెట్టి 1984 మోడల్‌గా అమ్మారు. బండి ఒకటే, బ్యాడ్జీలే వేరు. మొదటి మోడల్ ఏడాదిలోనే రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. దివాలా అంచుదాకా వెళ్లొచ్చిన కంపెనీ ఊపిరి పీల్చుకుంది. మినీవ్యాన్ అనే జాతి అమెరికా రోడ్లమీద స్థిరపడింది.

ఇవాళ అలాంటి బండి కొనడానికి షోరూముకు వెళ్తే మన చేతికి ముందు ఓ పట్టిక ఇస్తారు. ఒకే బండికి నాలుగైదు వేరియంట్లుంటాయి. సన్‌రూఫ్ ఎందులో ఉంది, లెదర్ సీట్లు ఎందులో ఉన్నాయి, వెనక స్క్రీన్లు ఎందులో వస్తాయి అన్న టిక్కులతో పేజీ నిండిపోతుంది. ఆ టిక్కుల్లో దేనికి డబ్బు పెట్టాలో, దేన్ని వదులుకోవచ్చో తేల్చుకోవాలంటే ఈ బండి ఎలా పుట్టిందో తెలియాలి. మినీవ్యాన్ గొప్పతనమంతా దాని ఫ్లోరులో, తలుపులో, సీటు కింద ఉంది. అది బాడీ గీసిననాడే తేలిపోతుంది. వేరియంటు దాన్ని తర్వాత తెచ్చిపెట్టలేదు.

ఫ్లోరు కిందికి దిగిన కథ

మినీవ్యాన్‌కు ముందు అమెరికాలో పెద్ద కుటుంబానికి రెండే దారులు. ఒకటి స్టేషన్ వ్యాగన్. కారునే వెనక్కి సాగదీసి చేసిన బండి అది. తల వంచి ఎక్కాలి, మూడో వరుసలో పిల్లల్ని చాలాసార్లు వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలి. రెండోది సరుకు రవాణాకు చేసిన పెద్ద వ్యాన్. అందులో చోటు బోలెడు. కానీ ఇంజను ముందు సీట్ల మధ్యదాకా చొచ్చుకొచ్చేది. ఇంజను నుంచి వెనక చక్రాల దాకా పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ అడుగున తిరుగుతుండేది కాబట్టి ఫ్లోరును దానిపైకి లేపాల్సి వచ్చేది. ఫ్లోరు లేస్తే పైకప్పూ లేస్తుంది. అంత ఎత్తు బండి ఇంటి గ్యారేజీలో పట్టదు, పెద్దవాళ్లు సులువుగా ఎక్కలేరు. 1950లో జర్మనీలో తయారీ మొదలైన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ ఇంజనును వెనక పెట్టి ఈ చిక్కును సగం విప్పింది. కానీ ఇంజను వెనక ఉంటే సామాను పెట్టే చోట ఫ్లోరు ఎత్తైపోతుంది.

మిగిలిన సగం విప్పినవాడు హాల్ స్పెర్లిక్ అనే ఇంజనీరు. 1970లలో ఫోర్డ్ కంపెనీలో ఉండగానే ఆయన ఓ ఆలోచన పట్టుకున్నాడు. ఇంజనును అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుతో కలిపి బానెట్ కిందే సర్దేసి, ముందు చక్రాలనే తిప్పితే వెనక్కి వెళ్లే షాఫ్ట్ అవసరమే ఉండదు. అప్పుడు ముందు సీటు నుంచి వెనక తలుపు దాకా ఫ్లోరు చదునుగా, కిందికి ఉంటుంది. బయట చిన్నది, లోపల పెద్దది అన్న అర్థంలో ఆ పథకాన్ని మినీ-మ్యాక్స్ అని పిలిచారు. కంపెనీ అధినేత హెన్రీ ఫోర్డ్-2 దానికి ఒప్పుకోలేదు. 1976లో స్పెర్లిక్ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది క్రైస్లర్‌లో చేరాడు. 1978లో ఫోర్డ్ అధ్యక్షుడు లీ అయకోకానూ తీసేశారు. ఆయనా అదే ఏడాది నవంబరులో క్రైస్లర్‌కే వచ్చాడు.

అప్పటికి క్రైస్లర్ పీకల్లోతు నష్టాల్లో ఉంది. 150 కోట్ల డాలర్ల అప్పులకు అమెరికా ప్రభుత్వం హామీ ఉంటేగానీ బండి నడవని స్థితి. కొత్తగా అన్నీ తయారుచేసుకునే డబ్బు లేదు. అందుకే ముందు చక్రాలతో నడిచే కె-కార్ కోసం చేసిన ఇంజను, గేర్‌బాక్సు భాగాలనే తీసుకుని వాటిచుట్టూ వ్యాన్ కట్టారు. పొడవు దాదాపు 4.47 మీటర్లు, ఎత్తు సుమారు 1.64 మీటర్లు. మామూలు గ్యారేజీలో పడుతుంది, కారులాగే తోలుకోవచ్చు, ముందు సీటు నుంచి లేచి వెనక పిల్లల దగ్గరికి లోపల్లోపలే వెళ్లొచ్చు. ఇంజను 2.2 లీటర్లది, శక్తి సుమారు వంద హార్స్‌పవర్. కుటుంబానికి కావాల్సింది వేగం కాదు, చోటు అని వాళ్లకు స్పష్టంగా తెలుసు. హామీతో తెచ్చిన అప్పును క్రైస్లర్ 1983లోనే, గడువుకు ఏడేళ్ల ముందే తీర్చేసింది.

వేరియంట్ల కథ కూడా ఆనాడే మొదలైంది. బేస్ మోడల్, దానిపైన ఎస్ఈ, అన్నిటికీ పైన ఎల్ఈ. మామూలుగా వచ్చేవి అయిదు సీట్లే. ఏడు సీట్లు కావాలంటే పై రెండు మోడళ్లకు వెళ్లి అదనంగా డబ్బు కట్టాలి. ప్లిమత్ ఎల్ఈ పక్కలకు చెక్కలా కనిపించే వినైల్ అతికించేవారు. అదే బండిలో ముందు ఇద్దరికే భుజం మీదుగా వచ్చే సీటు బెల్టు ఉండేది. వెనక అయిదుగురికి నడుం బెల్టే గతి. అలంకారానికి ఒక మెట్టు, ప్రాణానికి ఇంకో మెట్టు అన్న ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి. తర్వాత అక్కరకొస్తుంది.

పక్కకు జరిగే తలుపు

ఇరుకు పార్కింగులో మామూలు కారు తలుపు పూర్తిగా తెరవలేం. పిల్లాణ్ని చైల్డ్ సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగించాలంటే మనం సగం లోపలికి దూరాలి. జరిగే తలుపు ఈ బాధ తప్పిస్తుంది. దాని పనితనాన్ని ఓసారి దగ్గర్నుంచి చూడండి. తలుపును మూడు పట్టాలు మోస్తాయి. ఒకటి పైకప్పు అంచున, ఒకటి గడప దగ్గర, మూడోది బండి వెనక పక్కన నడుం ఎత్తులో. ఒక్కో పట్టాలో రోలర్లున్న ఒక చెయ్యి నడుస్తుంది. పట్టాలు ముందు కొసల దగ్గర లోపలికి వంపు తిరిగి ఉంటాయి. అందుకే తలుపు ముందు కాస్త బయటికి వచ్చి, ఆ తర్వాతే బాడీకి ఆనుకుని వెనక్కి జరుగుతుంది. మూసేటప్పుడు అదే వంపు తలుపును లోపలికి లాగి రబ్బరు బీడింగుకు అదిమిపెడుతుంది. వానాకాలంలో నీళ్లు కారకుండా చూసేది ఆ చివరి వంపే.

పన్నెండేళ్లపాటు ఈ తలుపు ఒక పక్కనే ఉండేది. 1996 మోడల్‌లో క్రైస్లర్ డ్రైవర్ పక్కనా రెండోది పెట్టింది. బయటికి గీతలా కనబడే నడుం పట్టాను వెనక అద్దం కింద దాచేసింది. ఆ ఏడాది డాడ్జ్ కారవాన్‌ను మోటార్ ట్రెండ్ పత్రిక మేటి కారుగా ఎంపిక చేసింది. రెండో తలుపుతో ఓ చిక్కూ వచ్చింది. పెట్రోలు పోసే మూత ఆ పక్కనే ఉంటే, తలుపు వెనక్కి జరిగి పంపు గొట్టానికి తగులుతుంది. అందుకే చాలా బళ్లలో మూత తెరిచి ఉన్నంతసేపూ ఆ తలుపు పూర్తిగా జరగకుండా ఒక అడ్డు పెట్టారు. తర్వాత మోటారు తలుపులు వచ్చాయి. దారిలో చిన్న వేలు తగిలినా తలుపు ఆగి వెనక్కి వెళ్లేలా అంచున సెన్సర్లు అమర్చారు.

మాయమయ్యే సీటు

మినీవ్యాన్‌లో అసలైన ఇంజనీరింగు సీట్ల కింద జరిగింది. తొలి బళ్లలో సీటును ఊడదీసి ఇంట్లో పెట్టేయాలి. ఒక్కో బెంచీని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. 1996లో సీట్ల కిందికి చక్రాలొచ్చాయి. కానీ దొర్లించాక దింపక తప్పదు. ఈలోగా హోండా ఒడిస్సీ మూడో వరుసను వెనక్కి మడిచి ఫ్లోరులోని గుంటలో దాచేసే పద్ధతి తెచ్చింది. 1995లో అమెరికాకు వచ్చిన ఆ తొలి ఒడిస్సీకి జరిగే తలుపు కూడా లేదు, మామూలు కారు తలుపులే. 1999 మోడల్‌లో ఒళ్లు పెంచి, రెండు పక్కలా జరిగే తలుపులు పెట్టాక అది అమెరికన్ కుటుంబాలను గెలుచుకుంది.

క్రైస్లర్ 2005 మోడల్‌లో ఇంకో అడుగు వేసింది. మూడో వరుసతోపాటు రెండో వరుస సీట్లు కూడా ఫ్లోరులోకి వెళ్లిపోయే స్టో-ఎన్-గో పద్ధతి అది. ఫ్లోరు మూత ఎత్తి, సీటు వీపును కిందికి మడిచి, మొత్తం సీటును ముందుకు దొర్లిస్తే పాత ఇళ్లలోని నేలమాళిగలాంటి గుంటలోకి దిగిపోతుంది. మూత వేస్తే పైన చదును నేల. సీట్లు పైన ఉన్నప్పుడు అదే గుంట సామానుకు పనికొస్తుంది.

అయితే బండి అడుగున చోటు ఒక్కటే, దాన్ని అడిగేవాళ్లు చాలామంది. గుంట పెట్టాక నాలుగు చక్రాలను తిప్పే షాఫ్ట్‌కు అప్పట్లో దారి మిగల్లేదు. అందుకే ఆ పద్ధతి వచ్చినప్పుడు క్రైస్లర్ ఆల్-వీల్-డ్రైవ్ వదులుకుంది. గుంటలో పట్టాలి కాబట్టి సీటు పరుపూ పల్చబడింది. 2017లో వచ్చిన పసిఫికా హైబ్రిడ్‌లో రెండో వరుస గుంటల్లోనే 16 కిలోవాట్-అవర్ బ్యాటరీ పెట్టారు. దాంతో పెట్రోలు చుక్క కాల్చకుండా దాదాపు 53 కిలోమీటర్లు వెళ్లొచ్చు. కానీ ఆ మోడల్‌లో రెండో వరుస సీట్లు ఫ్లోరులోకి దిగవు. 2021 టొయోటా సియెన్నా ఆల్-వీల్-డ్రైవ్ రకంలో వెనక చక్రాలను విడి ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పారు, షాఫ్ట్ బాధ తీరింది. కానీ రెండో వరుస సీట్లలోనే ఎయిర్‌బ్యాగులు అమర్చారు కాబట్టి వాటిని ఊడదీయడానికి వీల్లేదు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. ఈ బేరం వేరియంట్ల పట్టికలో ఎక్కడా కనబడదు.

నిచ్చెన మెట్లు

ఇక వేరియంట్లు. సియెన్నాలో ఎల్ఈ నుంచి ప్లాటినం దాకా మెట్లున్నాయి, ఒడిస్సీలో కొన్నేళ్ల కిందటి వరకు ఎల్ఎక్స్ నుంచి ఎలీట్ దాకా ఉండేవి. మెట్టు ఎక్కేకొద్దీ లెదరు, స్క్రీన్లు, పెద్ద చక్రాలు, మంచి స్పీకర్లు వస్తాయి. 2014 ఒడిస్సీ అన్నిటికన్నా పై మోడల్‌లో ఏకంగా వ్యాక్యూమ్ క్లీనరే అమర్చారు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో మనవల్ని చూసుకోవడానికి అమ్మమ్మా తాతయ్యా వచ్చినప్పుడు, రెండు చైల్డ్ సీట్లతోపాటు నలుగురు పెద్దవాళ్లు కూర్చోవాలి. అక్కడ పనికొచ్చేవి లెదరు, స్క్రీను కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కగలిగే తక్కువ ఎత్తు గడప, మోటారు తలుపు, చైల్డ్ సీటు విప్పకుండానే మూడో వరుసకు దారి. ఇందులో మోటారు తలుపును పై వేరియంటు ఇవ్వొచ్చు. గడప ఎత్తును ఏ వేరియంటూ తగ్గించలేదు.

రక్షణ విషయంలో మాత్రం నిచ్చెన ఉండకూడదు. 2021 సియెన్నాలో తనంతట తాను బ్రేకు వేసే సదుపాయం బేస్ మోడల్ నుంచే ఇచ్చారు. అదే కంపెనీ 2022 చివర్లో మన దేశంలో చూపించిన ఇన్నోవా హైక్రాస్‌లో దాన్ని అన్నిటికన్నా పై వేరియంటుకే పరిమితం చేశారు. 1984 నాటి నడుం బెల్టు లెక్క ఇంకా పోలేదన్నమాట.

మన గడ్డ మీద

మన దగ్గర ఈ పాత్రను 2000లో వచ్చిన టొయోటా క్వాలిస్, 2005లో వచ్చిన ఇన్నోవా పోషించాయి. తిరుపతి ప్రయాణాలకు, పెళ్లిళ్లకు, అద్దె బళ్లకు అవే దిక్కు. రెండూ లారీలకున్నట్టు ఛాసీ మీద కట్టి, వెనక చక్రాలను తిప్పే బళ్లు. గట్టివే, కానీ ఫ్లోరు ఎత్తు. ఇన్నోవా హైక్రాస్‌తో ఆ ఛాసీ పోయింది, షాఫ్ట్ పోయింది, ముందు చక్రాలు తిరగడం మొదలైంది. స్పెర్లిక్ పట్టుకున్న సూత్రం ఇన్నోవాకు చేరడానికి ఇన్నేళ్లు పట్టింది. తలుపులు మాత్రం ఇంకా బయటికే తెరుచుకుంటాయి.

జరిగే తలుపుల అచ్చమైన మినీవ్యాన్ కావాలంటే కియా కార్నివాల్ ఉంది. 2020లో పెనుకొండ దగ్గర ఎర్రమంచి కర్మాగారంలో భాగాలు బిగించి దాన్ని మన మార్కెట్లోకి తెచ్చారు. ప్రీమియం, ప్రెస్టీజ్, లిమోసిన్ అని మూడు మెట్లు. ఏడు, ఎనిమిది, తొమ్మిది సీట్ల అమరికలు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త కార్నివాల్‌కు మాత్రం ఒకే వేరియంటు, ఏడే సీట్లు. వచ్చినప్పుడు దాని షోరూం ధర 63.90 లక్షల రూపాయలు. పెద్ద కుటుంబం కోసం పుట్టిన బండి మన దేశంలో పెద్ద హోదా బండిగా మారిపోయింది. అమెరికాలోనూ 2000 ప్రాంతం తర్వాత కుటుంబాలు ఎస్‌యూవీల వైపు మళ్లాయి. మూడో వరుసలో పెద్దవాళ్లు హాయిగా కూర్చోవడంలో, ఎక్కి దిగడంలో చాలా ఎస్‌యూవీలు ఇప్పటికీ మినీవ్యాన్‌కు సాటిరావు.

కాబట్టి ఏడుగురి బండి కొనబోయేవాళ్లకు ఒక మాట. పట్టిక చదవడానికి ముందు ఇంట్లో పెద్దావిడను షోరూముకు తీసుకెళ్లండి. ఆవిడను మూడో వరుసలోకి ఎక్కించి కాసేపు కూర్చోబెట్టండి. సీట్లన్నీ నిండాక వెనక రెండు సూట్‌కేసులు పడతాయో లేదో పెట్టి చూడండి. మీ చేత్తోనే సీటు మడిచి, మళ్లీ లేపండి. ఎయిర్‌బ్యాగులు ఎన్ని, చివరి వరుసకు భుజం బెల్టు ఉందా, చైల్డ్ సీటు బిగించే కొక్కేలు ఎక్కడున్నాయి అని బేస్ మోడల్ గురించే ముందు అడగండి. వీటన్నిటికీ సరైన జవాబు దొరికాక మిగిలిన డబ్బుతో మీకు నచ్చిన వేరియంటు ఎంచుకోండి. స్క్రీను, స్పీకర్లు రేపైనా బిగించుకోవచ్చు. ఫ్లోరును, తలుపును ఎవరూ తర్వాత మార్చలేరు.