కొత్త ఇంజను ఎందుకు కుంటుతోంది?

పెట్టె విప్పారు. స్పాంజిలో ఒదిగి పడుకున్న బుల్లి రైలింజన్ని తీసి పట్టాల మీద నిలబెట్టారు. కంట్రోలరు మీట మెల్లగా తిప్పారు. కదల్లేదు. ఇంకాస్త తిప్పారు. ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వేలితో తడితే జానెడు దూరం నడిచి, ముందు దీపం రెపరెపలాడించి, మళ్ళీ మొరాయించింది. కొత్తది! ఎన్నాళ్ళో కూడబెట్టిన డబ్బు పోసి కొన్నది! ఇలాంటప్పుడు ఎవరికైనా రెండు ఆలోచనలే వస్తాయి. ఒకటి: “కంపెనీవాడు మోసం చేశాడు.” రెండోది: “స్క్రూడ్రైవరు ఎక్కడుంది?”

రెండూ తొందరపాటే. మొదటిది చాలాసార్లు నిజం కాదు. రెండోది నష్టం తెచ్చే పని. పైతొడుగు విప్పిన ఇంజనుకు గ్యారంటీ ఇవ్వమనే దుకాణాలు ఉన్నాయి. పైగా లోపలి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. ఒకటి తెగితే, అంతవరకు లేని జబ్బు కొత్తగా పుట్టుకొస్తుంది. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకుందాం. తప్పు ఇంజనులోనే ఉందని రుజువయ్యేదాకా దాన్ని విప్పకూడదు. రుజువు చెయ్యడానికి కావలసిన సరంజామా ఎంతో లేదు. ఒక 9 ఓల్టుల బ్యాటరీ, రెండు తీగముక్కలు, స్కేలు, సుద్దముక్క, మెత్తని పాతగుడ్డ చాలు.

ముందు ఈ బొమ్మ సంగతి కాస్త తెలుసుకోవాలి. వీటిలో లోకమంతటా ఎక్కువగా కనిపించేది ‘హెచ్.ఓ.’ అనే కొలత. అంటే అసలు బండిలో 87వ వంతు. ఐరోపా, అమెరికాల్లో ఎక్కువ రైళ్ళు నడిచే పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగించండి. 16.5 వస్తుంది, బొమ్మ పట్టాల మధ్య దూరం అదే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కదా, దాన్నీ భాగించి చూడండి. 19.3 వచ్చింది. అంటే మన డీజిలింజన్ని అదే కొలతలో చేసి ఈ పట్టాలెక్కిస్తే, పాపం, అది కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నడవాల్సిందే!

ఇక దాని తిండి. ఈ ఇంజన్లో బ్యాటరీ ఉండదు. పట్టాల జంటే దానికి కరెంటు తీగలు. కంట్రోలరు ఒక పట్టాకు ధనవిద్యుత్తు, రెండోదానికి ఋణవిద్యుత్తు అందిస్తుంది. ఓల్టులు పెంచితే వేగం పెరుగుతుంది. 12 ఓల్టుల దగ్గర ఇంచుమించు పూర్తి వేగం. పట్టాల ధ్రువాలు తారుమారు చేస్తే ఇంజను వెనక్కి నడుస్తుంది.

కరెంటు వెంట మనమూ ప్రయాణం చేద్దాం. కంట్రోలరు నుంచి తీగలోకి, తీగ నుంచి పట్టాలోకి వచ్చాం. ఒక పట్టా ముక్క నుంచి ఇంకో ముక్కలోకి వెళ్ళాలంటే వాటిని కలిపే అతుకురేకు దాటాలి. పట్టా నుంచి చక్రంలోకి ఎక్కాం. చక్రాన్ని రాసుకుంటూ సన్నని కంచురేకు ఒకటి ఉంటుంది, అందులోకి దూకాం. అక్కడినుంచి తీగలో మోటారు దాకా వెళ్తే, కార్బను బ్రష్షు ఎదురవుతుంది. అది తిరిగే కమ్యుటేటరును తాకుతూ కరెంటును తీగచుట్టలోకి పంపుతుంది. తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఇవన్నీ దాటాలి. మన ఇంటి దీపానికి ఇన్ని గండాలు లేవు. స్విచ్చి వేసిన తరవాత దాని దారిలో ఏదీ కదలదు. ఇక్కడ మాత్రం చక్రం పట్టా మీద దొర్లుతోంది, రేకు చక్రం మీద జారుతోంది, బ్రష్షు కమ్యుటేటరు మీద జారుతోంది. అందులోనూ చక్రం పట్టాను తాకే చోటు ఆవగింజంత కూడా ఉండదు. ఆ చోట నూనెపొర ఉన్నా, దుమ్ము ఉన్నా, కరెంటుకు దారి మూసుకున్నట్టే.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. చాలామంది, “వేగంగా బాగానే పోతోందండీ, మెల్లగా నడిపితేనే ఆగుతోంది. కాబట్టి మోటారు చెడిపోయింది” అంటారు. ఓము నియమం తెలిసిన మీరు అలా అనరు. మురికి వల్ల దారిలో 10 ఓముల నిరోధం అదనంగా చేరిందనుకోండి. మోటారు 0.2 ఆంపియరు తీసుకుంటోందనుకోండి. 10ని 0.2తో గుణిస్తే 2 ఓల్టులు. అంతా దారిలోనే ఖర్చు! 12 ఓల్టుల్లో 2 పోతే 10 మిగులుతాయి, ఇంజను పరుగెడుతూనే ఉంటుంది, మీకు తేడా తెలియదు. 3 ఓల్టులతో మెల్లగా నడిపేటప్పుడు 2 పోతే మిగిలేది ఒక్కటే. ఇంకేం కదులుతుంది? దీనికి తోడు మంచి ఇంజన్లలో మోటారు ఇరుసుకు గతిపాలక చక్రం బిగిస్తారు. వేగంగా పోయేటప్పుడు అది చిన్న చిన్న మురికిచోట్లను దాటించేస్తుంది. మెల్లగా తిరిగేటప్పుడు దానికి ఆ సత్తా ఉండదు. కాబట్టి పరీక్షలన్నీ మెల్లని నడకలోనే చెయ్యాలి. పరుగు దోషాలను దాచేస్తుంది.

ఇప్పుడు విచారణ మొదలెడదాం. సుద్దముక్క తీసుకుని, ఇంజను తడబడిన ప్రతిచోటా పట్టా పక్కన చిన్న గీత పెట్టండి. అయిదారు చుట్లు తిప్పి గీతలు చూడండి. గీతలన్నీ ఒకటి రెండు చోట్లే గుమిగూడితే ఇంజను నిర్దోషి! దోషం ఆ చోటులోనే ఉంది. అక్కడ పట్టా మురికిగానైనా ఉండాలి, అతుకురేకు వదులుగానైనా ఉండాలి. రేకును వేలితో నొక్కిపట్టి ఇంజన్ని నడపండి, సాఫీగా పోతే దొంగ దొరికాడు. కంట్రోలరు తీగలు కలిపిన చోట చురుగ్గా ఉండి, దూరం వెళ్ళేకొద్దీ నీరసపడిపోతోందా? అప్పుడూ అతుకులనే అనుమానించాలి. పాయింట్ల మీద మాత్రమే పట్టాలు తప్పుతుంటే చక్రాల మధ్య ఎడం కొలవండి. హెచ్.ఓ. ఇంజనుకు ఎదురెదురు చక్రాల లోపలి ముఖాల మధ్య సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. అమెరికాలో 1935లో ఏర్పడిన మోడల్ రైల్‌రోడ్ సంఘంవారు దీనికి ప్రత్యేకంగా ఒక కొలతరేకే తయారుచేయించారు.

గీతలు ఒకచోట కాకుండా ఎక్కడబడితే అక్కడ పడ్డాయనుకోండి. అప్పుడు స్కేలు తీయండి. చక్రం వ్యాసం 12 మిల్లీమీటర్లనుకుంటే చుట్టుకొలత దాదాపు 38. ఇంజను ప్రతి 38 మిల్లీమీటర్లకూ ఒకసారి కుంటుతూ ఉంటే, చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కసారి ఏదో అడ్డం పడుతోందన్నమాట. ఇరుసు మీది పళ్ళచక్రం చీలి ఉండవచ్చు, పళ్ళ మధ్య ఇసుకరేణువు ఇరుక్కుని ఉండవచ్చు. అలాకాక కుంటు ఇంకా దగ్గర దగ్గరగా, గుర్రుమన్నట్టు వస్తుంటే? మోటారు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకోండి. 38ని 14తో భాగిస్తే 2.7. అంటే మోటారు వైపు చూడాలి. ఇంజను విప్పకుండానే, స్కేలుతో దాని కడుపులో ఏముందో చూశాం! నా మట్టుకు నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ముచ్చటైన పరీక్ష ఇదే.

కొలతకు అందకుండా, ఎక్కడ పడితే అక్కడ, దీపం కూడా రెపరెపలాడుతూ ఆగుతోందా? కరెంటు అందడం లేదు. అందనిది ఎవరి వల్ల? దీనికి బ్యాటరీ సాక్ష్యం చెబుతుంది. ఇంజన్ని మెత్తని గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టండి. బ్యాటరీ తీగలు రెండూ ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి తాకించండి. చక్రాలు గిర్రున తిరిగితే పట్టాలూ కంట్రోలరూ ప్రమేయం లేకుండా ఇంజను బాగుందని తేలింది. ఇలా ఒక్కొక్క జత చక్రాలనూ పరీక్షించండి. ఏదో ఒక జత దగ్గర మాత్రం ఉలుకూ పలుకూ లేకపోతే, ఆ చక్రానికీ కంచురేకుకూ మాటల్లేవన్నమాట. అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. పట్టు కోసం కొన్ని చక్రాలకు రబ్బరు పట్టీ తొడుగుతారు, వాటిలోంచి కరెంటు రానే రాదు. కొన్ని నమూనాల్లో ముందు చక్రాలు ఒక పట్టా నుంచి, వెనక చక్రాలు రెండో పట్టా నుంచి మాత్రమే కరెంటు తీసుకుంటాయి. అందుకని ముందుదానికొకటి, వెనకదానికొకటి తాకించి కూడా చూడాలి.

చక్రం తిరగలేదని వేలితో తిప్పబోకండి. మోటారు ఇరుసు మీద మరమేకులాంటి గేరు ఉంటుంది. అది పళ్ళచక్రాన్ని తిప్పగలదు గాని, మామూలుగా పళ్ళచక్రం దాన్ని తిప్పలేదు. బలవంతం చేస్తే విరిగేవి పళ్ళే.

కొత్త ఇంజను చక్రాల మీద ఫ్యాక్టరీనూనె మిగిలి ఉండడం మామూలే. మందులషాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడవండి. బ్యాటరీ ఒక్క క్షణం తాకించి చక్రం కాస్త తిరిగాక, బ్యాటరీ తీసేసి మిగతాభాగం తుడవండి. ఆల్కహాలు ఇట్టే అంటుకుంటుంది. కిటికీ తెరిచి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి చెయ్యండి. అది పూర్తిగా ఆరేదాకా కరెంటు జోలికి పోకండి. పట్టాలనూ అలాగే తుడవాలి. గరుకు కాగితంతో రుద్దారో, ఆ గీతల్లో రేపటి మురికి హాయిగా కాపురం పెడుతుంది. పాత పట్టాలు ఇత్తడివి, త్వరగా కిలుం పడతాయి. ఇప్పటివి ఎక్కువగా నికెల్ సిల్వరువి. మన ఇళ్ళలో జర్మన్ సిల్వరు అంటామే, అదే. రాగి, నికెలు, జింకుల మిశ్రమం. వెండి పేరులోనే గాని లోహంలో లేదు.

ఇంత చేసినా బిగుసుగా నడుస్తోందంటే, బహుశా దానికి నడక అలవాటు కాలేదు. బ్రష్షు కొస కొత్తలో కమ్యుటేటరు గుండ్రదనానికి సరిగ్గా ఆనదు. కొంతసేపు తిరిగితే కార్బను అరిగి, అతుక్కున్నట్టు కూర్చుంటుంది. గేర్ల గ్రీజు కూడా సమంగా పరుచుకుంటుంది. పెట్టెలు తగిలించకుండా, మధ్యరకం వేగంతో, ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడపండి. నూనె తక్కువైందని గుమ్మరించకండి. ప్లాస్టిక్కుకు హాని చెయ్యదని రాసి ఉన్న సన్ననూనె, సూదిమొన మీద నిలిచే ఒక్క బొట్టు చాలు. వంటింటి నూనెలు అసలే వద్దు. కొబ్బరినూనె చలికాలం పొద్దున ఎలా గడ్డకడుతుందో మీకు తెలుసు కదా.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది ప్రాణాలకు సంబంధించింది. అమెరికా నుంచి మేనమామో బాబాయో రైలుసెట్టు తెచ్చారనుకోండి. దానితో వచ్చిన ట్రాన్స్‌ఫార్మరు అక్కడి 120 ఓల్టులకు చేసినది కావచ్చు. మన గోడలో ఉన్నది 230. అట్టడుగున ఏం రాసి ఉందో చదవకుండా ప్లగ్గు పెట్టకండి. కాలిపోవచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. ఇంటికరెంటు తీగలను పట్టాలకు కలపడం అనే ఊహే రానివ్వకండి.

రెండోది, ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి కడుపులో ‘డీకోడరు’ అనే చిప్పు ఉంటుంది. ఈ అంకెల పద్ధతిలో పట్టాల మీద కరెంటుతోపాటు ఆజ్ఞలు కూడా వస్తాయి. ఫలానా నంబరు ఇంజను కదలాలి, ఫలానాది ఆగాలి అని. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మామూలుగా అన్నిటి నంబరూ 3. మీరు వేరే నంబరుతో పిలిస్తే అది పలకదు. పలకకపోవడం దాని తప్పూ కాదు. డీకోడరున్న ఇంజన్ని పాతరకం కంట్రోలరుతో నడిపితే, అయిదారు ఓల్టులు వచ్చేదాకా కదలక ఒక్కసారిగా దూకవచ్చు. దానికి బ్యాటరీ పరీక్ష నమ్మదగినది కాదు. డీకోడరు లేని ఇంజన్ని అంకెల పద్ధతి పట్టాల మీద నిలబెడితే జుయ్‌మంటూ మోటారు వేడెక్కుతుంది. వెంటనే తీసేయండి.

అన్నీ అయ్యాయి. పట్టాలు శుభ్రం, ఇంకో ఇంజను వాటి మీద చక్కగా నడుస్తోంది, మీది మాత్రం బ్యాటరీతో కూడా కుంటుతోంది. అప్పుడది నిజంగానే ఇంజను దోషం. అప్పుడూ విప్పకండి. ఒక కాగితం తీసుకుని తేదీ వేసి, “ముందుకు సాఫీగా నడుస్తుంది; వెనక్కి నడిపితే ప్రతి 38 మి.మీ.కు ఒకసారి ఆగుతుంది; వెనక బోగీ కుడిచక్రం కరెంటు అందుకోవడం లేదు” అని మీరు చూసింది చూసినట్టు రాయండి. దాన్ని ఇంజనుతోపాటు పెట్టెలో పెట్టి దుకాణానికి తీసుకెళ్ళండి. “బాగా నడవడం లేదు” అన్న మాట పట్టుకుని మరమ్మతు చేసేవాడు ఎక్కడ వెతకాలి? ఈ కాగితం ఉంటే ఏ స్క్రూ ముందు విప్పాలో అతనికి తెలుస్తుంది.