పగలు పెట్టెలు, రాత్రి బేస్ గిటార్... మణికట్టు జాగ్రత్త!

వీడియోలు చూసి సొంతంగా బేస్ గిటార్ నేర్చుకుంటున్నారా? త్వరలో ఇల్లు కూడా మారుతున్నారా? అయితే ఈ కొద్ది రోజులూ మీ చేతుల మీద ఓ కన్నేసి ఉంచండి.

బేస్ తీగలు మామూలు గిటార్ తీగల కన్నా బాగా లావు. గురువు లేకుండా నేర్చుకునేవారు చాలామంది ఎడమ మణికట్టును అతిగా వంచి, బొటనవేలితో గిటార్ మెడను బిగించి పట్టుకుంటారు. అట్టపెట్టెలు ఎత్తేటప్పుడూ శ్రమపడేవి ఆ టెండన్లే. పగలంతా సామాన్లు సర్ది, రాత్రి ‘ఒక్క గంట’ అని కూర్చుంటే వాటికి కోలుకునే వ్యవధే ఉండదు.

బొటనవేలిని పిడికిట్లో మూసి, చేతిని చిటికెనవేలి వైపు వంచండి. మణికట్టు పక్కన చురుక్కుమంటే అది ‘డీ కర్వేన్స్’ కావచ్చు. బొటన, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి వచ్చి, రాత్రి మెలకువ వచ్చేస్తుంటే ‘కార్పల్ టన్నెల్ సిండ్రోమ్’ను అనుమానించాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నరం ఎక్కువకాలం నలిగితే బొటనవేలి మొదట్లోని కండ కరిగి, పట్టు సడలుతుంది.

సాధన మానేయమని చెప్పను. పొద్దున్నే, పెట్టెల జోలికి వెళ్లకముందు, 15 నిమిషాలు చాలు. పట్టీ బిగించి గిటార్‌ను కాస్త పైకి పెట్టుకుంటే మణికట్టు వంపు తగ్గుతుంది. పుస్తకాలను చిన్న పెట్టెల్లోనే సర్దండి (బదిలీల మీద ఇళ్లు మారీ మారీ నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠమిది). నొప్పి బిళ్ల మింగి వాయించడం మాత్రం వద్దు.

తిమ్మిరి తగ్గకపోయినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా డాక్టరుకు చూపించండి. వచ్చేటప్పుడు మీరు గిటార్ వాయిస్తున్న వీడియో ఒకటి ఫోన్‌లో తెచ్చుకోండి.