ఇంటిపట్టున గోళ్ళ ముస్తాబు

ఆషాఢమాసం వచ్చిందంటే గోరింటాకు రుబ్బని తెలుగు ఇల్లు వుండదని మనం గర్వంగా చెప్పుకుంటాము. బెంగుళూరులో వున్నా, షోలాపురంలో వున్నా, బరంపురంలో వున్నా, యానాంలో వున్నా, ఆడపిల్లల వేళ్ళకు గోరింట టోపీలు పెట్టి, తెల్లవారి లేచి ఎవరి చెయ్యి బాగా పండిందో చూసుకోవడం మనవాళ్ళు మరిచిపోలేదు. గోళ్ళు అందంగా వుండాలన్న కోరిక మనకు కొత్తది కాదు. ఆ కోరికను తీర్చడం ఒక జీవనోపాధి కావడమే కొత్త. ఇంట్లో ఒక మూల బల్ల వేసుకొని, వచ్చినవారి గోళ్ళు తీర్చిదిద్ది, నాలుగు రూపాయలు సంపాదించుకునే గృహిణులు ఇప్పుడు మన పట్టణాలలో అక్కడక్కడ కనబడుతూనే వున్నారు.

ఈ పనిని గురించి మేము రెండు రకాల మాటలు వింటూ వుంటాము. "ఇంట్లో కూర్చుని చేసే పని, కష్టమేముంది?" అనేవారు కొందరు. "ఒకరి కాళ్ళు పట్టుకునే పని మనకెందుకమ్మా?" అనేవారు మరి కొందరు. ఈ రెండు మాటలూ సరి అయినవి కావని మా అభిప్రాయం. ఇది నేర్పు కావలసిన పని, గౌరవంగా బ్రతకదగిన పని. అయితే ఇంట్లో చేస్తున్నాము గనుకనే, అంగడిలో చేసేదానికంటె ఎక్కువ జాగ్రత్త కోరే పని.

పుట్టుపూర్వోత్తరాలు

మన పల్లెలలో గోళ్ళు తీసే పని నాయీబ్రాహ్మణ కుటుంబాలవారిది. వారి చేతి చలవ అనుభవిస్తూనే వారి వృత్తిని చిన్నచూపు చూశాము. ఆ చిన్నచూపు నాడూ న్యాయం కాదు. "కాళ్ళు పట్టుకునే పని" అన్న మాట ఆ పాత చూపుకు మిగిలిన తోకే.

సీసాలో పోసి అమ్మే గోళ్ళరంగు 1917 ప్రాంతంలో అమెరికాలో క్యూటెక్సు అన్న పేరుతో బజారుకు వచ్చింది. మోటారు కార్లకు వేసే మెరుగు రంగులోని నైట్రోసెల్యులోజే ఈ రంగుకూ మూలాధారం. మన దేశంలో 1952లో టాటావారు లాక్మే సంస్థను స్థాపించిన తరువాత ఇటువంటి సామగ్రి మధ్యతరగతి ఇళ్ళకు చేరువయింది.

ఈ వృత్తి చరిత్రలో మనం ముఖ్యంగా తెలుసుకోదగిన ఘట్టం 1975లో జరిగింది. వియత్నాం యుద్ధం ముగిసి, ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న స్త్రీలు కొందరు కాలిఫోర్నియాలోని ఒక శరణార్థుల శిబిరంలో వున్నారు. వారికి సాయపడడానికి టిప్పీ హెడ్రెన్ అనే సినిమా నటి అక్కడికి వెళ్ళేది. ఆ స్త్రీలు ఆమె గోళ్ళ సొగసు చూసి ముచ్చటపడగా, ఆమె తన గోళ్ళు తీర్చే మనిషిని పిలిపించి, సుమారు 20 మందికి ఆ పని నేర్పించింది. వారు తమ వారికి నేర్పారు, ఆ వారు మరికొందరికి నేర్పారు. నేడు అమెరికాలో ఈ వృత్తిలో వున్నవారిలో చాలా భాగం వియత్నాం సంతతివారే. పరాయిచోట, భాష చాలని చోట, చేతిలోని పనే అన్నం పెడుతుందని మగ్గం పట్టుకొని షోలాపురం వెళ్ళిన మన పద్మశాలి కుటుంబాలకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

షోలాపురం మాట వచ్చింది గనుక మరొక సంగతి. అక్కడి మన ఆడవారు ఎందరో తరతరాలుగా ఇంట్లోనే బీడీలు చుడుతున్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టేది మరొకరు. గోళ్ళ పనిలో ధర కట్టుకునేది పని చేసే మనిషే. ఇది చిన్న తేడా కాదు. ఆ స్వతంత్రాన్ని వాడుకోవడం తెలియాలి.

ధర కట్టుకోవడం

ఇంట్లో పనిచేసే స్త్రీలు తరచు తప్పేది ఇక్కడే. అద్దె లేదు గదా అని సగం ధర చెబుతారు. ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాము. రెండు చేతులకు జెల్ రంగు వెయ్యడానికి ఒక గంట, ముందూ వెనుకా శుభ్రం చెయ్యడానికి అరగంట, వెరసి గంటన్నర అనుకుందాము. రంగు, దూది, చేతితొడుగులు మొదలైన వాటికి 80 రూపాయలు. దీపమూ పరికరాలూ 12,000 రూపాయలకు కొని, రెండేళ్ళు వాడి, నెలకు 50 మందికి పని చేస్తే, మనిషికి 10 రూపాయలు. కరెంటు, నీళ్ళు, ఫోను 20. చెడిపోయి తిరిగి చేసే పనికి 10. మొత్తం ఖర్చు 120.

ఇప్పుడు 250 రూపాయలు పుచ్చుకుంటే మిగిలేది 130. గంటకు 87 రూపాయలు కూడా పడదు. 400 పుచ్చుకుంటే మిగిలేది 280. గంటకు ఇంచుమించు 187. ఇక 250 ధర పెట్టి, వచ్చిన ఐదుగురిలో ఒకరికి మొహమాటానికి ఊరికే చేసిపెడితే, గంటకు 53 రూపాయలకు దిగుతుంది.

ఆ మొహమాటం సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. "మనలో మనకు డబ్బులేమిటే, మరదలా?" అని నవ్వుతూ చెయ్యి చాపే వదినగారిని కాదనడం కష్టం. అటువంటివారికి, "మీకు పెళ్ళిరోజునాడు నా కానుకగా చేస్తాను వదినా, మామూలు రోజుల్లో మాత్రం ఇది నా పని" అని ముందే చెప్పుకోవడం మర్యాద. ధరల పట్టిక ఒకటి గోడకు కట్టివుంటే నోటితో చెప్పే ఇబ్బంది సగం తీరుతుంది. వచ్చిన డబ్బును ఇంటి ఖర్చుల డబ్బాలో కలపకుండా బ్యాంకులో వేరే ఖాతా పెట్టుకొంటే, నెలాఖరుకు నిజంగా మిగిలినదెంతో కనబడుతుంది.

పొయ్యికి, దీపానికి దూరంగా

ఇల్లు అంటే వంటపొయ్యి వుంటుంది, దేవుడి దగ్గర దీపం వుంటుంది, చంటిపిల్ల వుంటుంది. రంగు తీసే యాసిటోన్ సామాన్యమైన ద్రవం కాదు. సున్నాకు దాదాపు 20 డిగ్రీల దిగువన వుండే చలిలో కూడా అంటుకోగల ఆవిరి దానినుంచి లేస్తుంది. ఆ ఆవిరి గాలికంటె బరువు. కంటికి కనబడకుండా నేలవెంట పాకి, పక్క గదిలోని మంటను అందుకోగలదు. వాసన పోవాలని అగరువత్తి వెలిగించడం కొరివితో తల గోక్కోవడమే.

కాబట్టి పనిబల్ల వంటింటికి ఎడంగా, కిటికీ పక్కన వుండాలి. గాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటి బిగించుకోవాలి. తలుపులు మూసి ఏసీ వేసుకుంటే ఆ గాలే గదిలో తిరుగుతుంది. యాసిటోన్‌ను గిన్నెలో పోసి వుంచక, దూదికి తడిపి వేలికి రేకు చుట్టడం మేలు. వాడిన దూదిని మూత గల డబ్బాలో వెయ్యాలి. సీసాలకు తాళం వుండాలి.

జెల్ రంగు సంగతి వేరు. అది ఆరదు, దీపపు వెలుతురు తగిలి గట్టిపడుతుంది. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి మాటిమాటికి తగిలితే ఒంటికి సరిపడకపోవడం మొదలవుతుంది. దురద, ఎర్రదనం, వేళ్ళు పగలడం దాని గుర్తులు. ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జన్మంతా వుంటుంది. అదే జాతి పదార్థాలు పళ్ళ వైద్యంలోనూ వాడతారు గనుక, రేపు పంటికి సిమెంటు వేయించుకునేటప్పుడు కూడా చిక్కు రావచ్చు. ఈ ముప్పు వచ్చినవారికంటె, రోజూ ముట్టుకునే మీకే ఎక్కువ. నైట్రైలు చేతితొడుగులు వేసుకోండి. ఏ కంపెనీ జెల్‌కు ఆ కంపెనీ చెప్పిన దీపమే వాడండి. అరిగిన గోళ్ళపొడి ముక్కులోకి పోకుండా మాస్కు కట్టుకోండి. జెల్ గట్టిపడడానికి కలిపే టి.పి.ఓ. అనే పదార్థాన్ని ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సామగ్రిలో నిషేధించింది. కొనేముందు సీసామీది చీటీ చదివే అలవాటు చేసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

గోరుచుట్టు మీద రోకలిపోటు

గోరు మొదట వుండే సన్నని చర్మం గోరుకు కాపలా. అందం కోసం దానిని లోతుగా కత్తిరిస్తే గోరుచుట్టు లేవడానికి దారి చేసినట్టే. రక్తం చూసిన పరికరాన్ని ఊరికే తుడిచి మరొకరికి వాడరాదు. హెపటైటిస్-బి క్రిమి శరీరం బయట 7 రోజుల దాకా బ్రతకగలదు. ఇనుప పరికరాలను ముందు సబ్బునీటితో బ్రష్షుపెట్టి రుద్ది, తరువాత క్రిమినాశకంలో చీటీమీద చెప్పినంతసేపు ముంచాలి. వీలైతే ఆటోక్లేవు కొనుక్కోవాలి. గోళ్ళు రాసే ఆకురాయి ఫైళ్ళను ఎవరివి వారికే ఇచ్చివెయ్యాలి.

గోరు పుచ్చినవారిని, చీము పట్టినవారిని డాక్టరు దగ్గరకు పంపండి. మధుమేహం వున్నవారి కాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. వారికి చిన్న గాయం కూడా పెద్ద పుండు కావచ్చు, కొందరికి నొప్పి తెలియదు కూడా. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పాడయిన గోరు పూర్తిగా కొత్తది కావాలంటే ఆరునెలలు, కాలిగోరుకు ఏడాదికి పైగా పడుతుంది. "ఈ రోజు రంగు వెయ్యనమ్మా, నయమయ్యాక రండి" అని చెప్పగలిగిన మనిషి దగ్గరకు ఆ వచ్చినవారు నమ్మకంతో తిరిగివస్తారు.

చట్టమూ, ఇల్లుగలవారూ

అద్దె ఇంట్లో వున్నవారు ఇంటివారితోను, అపార్టుమెంటులో వున్నవారు అక్కడి సంఘంతోను ముందే మాట్లాడుకోవాలి. మునిసిపాలిటీ లైసెన్సు, కరెంటు మీటరు విషయాలు రాష్ట్రానికొక తీరు, స్థానికంగా విచారించాలి. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా జి.ఎస్.టి. నమోదు అక్కరలేదు. 2020 జూలైలో మొదలైన ఉద్యం నమోదుకు రుసుము లేదు, దళారులకు డబ్బియ్యకండి. ముద్రా పథకంలో శిశు తరగతి కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా అప్పు అడగవచ్చు. అయినా అప్పుకు పోయేముందు, మంచి చోట పని నేర్చుకొని, పది మంది చేతులమీద అభ్యాసం చెయ్యడం తెలివి.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మనవి. కోడలు బల్లదగ్గర కూర్చున్న ఆ గంటన్నర ఆమె ఆఫీసులో వున్నట్టే లెక్క. మధ్యలో కాఫీ కలపమనీ, పిల్లవాణ్ణి ఎత్తుకోమనీ పిలవకండి. వీలైతే ఆ కాఫీ మీరే కలిపి, వచ్చినామెకూ ఒక గ్లాసు పంపండి. ఏ గదిలో పని జరుగుతున్నా, గడప దాటేముందు తలుపు తట్టే ఇంట్లో ఈ వృత్తి నిలుస్తుందని మా నమ్మకం.